ఇద్దరి టెంటు

కమలాదేవి సంచిలోంచి స్వెట్టరు తీసి మంచం మీద పడేసింది. కోమలి దాన్ని మడతపెట్టి మళ్ళీ సంచిలో పెట్టింది. కమలాదేవి మళ్ళీ తీసింది.

ఆదివారం పొద్దున్న నుంచీ అత్తాకోడళ్ళిద్దరూ ఈ పని మీదే ఉన్నారు. ఆ స్వెట్టరు ఆఫ్రికాకి ఎన్నిసార్లు బయల్దేరిందో అన్నిసార్లూ వెనక్కి వచ్చింది.

"పాపం స్వెట్టరేం చేసింది అత్తయ్యా?"

"నేను వెళ్ళటం లేదు. వెళ్ళని మనిషికి స్వెట్టరెందుకు? జూన్ నెల్లో సూరత్‌లో వేసుకుని కూరగాయలకి వెళ్ళనా?"

"మీరు వెళ్ళాలి," అంది కోమలి. గొంతులో ఆత్రం కాస్త ఎక్కువైందనిపించి, "అంటే, మీకు కాస్త విశ్రాంతిగా ఉంటుందని," అని సర్దింది.

కోమలి ఈ ఇంటికి కోడలిగా వచ్చి రెండేళ్ళయింది. తనూ మొగుడూ మాత్రమే ఇంట్లో ఉన్న పూట ఇంతవరకూ లేదు. అత్తామామలు ఆఫ్రికా వెళ్తున్నారని తెలిసినప్పట్నుంచీ ఆ అమ్మాయికి ఆ ఖండం మీద ఎంతో గౌరవం ఏర్పడింది.

సంచి మెత్తటిది, ముదురాకుపచ్చ రంగుది. అడవిలో దిగే చిన్న విమానంలో గట్టి సూట్‌కేసులు పట్టవని ట్రావెల్స్ వాళ్ళు చెబితే కమలాదేవి అడాజణ్‌లో అన్ని షాపులూ తిరిగి కొనుక్కొచ్చింది. అప్పట్నుంచీ దాన్ని మంచం పక్కనే పెట్టుకుని రోజూ దుమ్ము దులుపుతోంది. అలాంటి సంచిని ఈరోజు ఖాళీ చేస్తోందంటే చిన్న విషయం కాదు.

కారణం పొద్దున్నే ఫోన్లో వచ్చింది. 'ఆఫ్రికా ఫ్యామిలీ' అనే గ్రూపులో, గులాబీ పువ్వు కింద, ఎదురు ఫ్లాటు ధన్‌సుఖ్‌భాయ్ టెంట్ల పంపకం ప్రకటించాడు. ఆడవాళ్ళంతా ఒక వైపు, మగవాళ్ళంతా ఒక వైపు. మూడో టెంటులో కమలాబెన్, తన భార్య రంజన్‌బెన్, రంజన్‌బెన్ వాళ్ళమ్మ. నాలుగో టెంటులో మూర్తిభాయ్, తను, వంటవాడు.

దాని కింద అప్పటికే పది మంది బొటనవేళ్ళు చూపించారు. అందులో ఒక బొటనవేలు కమలాదేవి భర్తది.

తలుపు చప్పుడైంది. ఆ భర్త దక్షిణామూర్తి వేడి వేడి లోచో పొట్లంతో లోపలికి వచ్చాడు. ఆదివారం పొద్దున్న ఈ శనగపప్పు టిఫిను కోసం క్యూలో నిలబడి, చట్నీ ఎక్కువ వేయించుకుని రావటం ఈ ఊళ్ళో ప్రతి గృహస్థుకీ వారానికి ఒకసారి దొరికే విజయం.

"ఈసారి కరకరలాడే సేవు కూడా వేశాడు," అన్నాడు.

మంచం మీద స్వెట్టరు చూశాడు. దాని పక్కన భార్య మొహం చూశాడు. లోచో పొట్లాన్ని రెండు చేతులా గుండెలకి దగ్గరగా పట్టుకున్నాడు.

"టెంట్ల సంగతి చూశారా?" అంది కమలాదేవి.

"చూశాను. నీది మూడో నంబరు. నదికి దగ్గరట."

"నాది అడగలేదు. మనది ఏదీ అని అడుగుతున్నాను."

"అన్నీ మనవే కదా. ఆరు టెంట్లూ మనవాళ్ళే తీసుకున్నారు."

కోమలి లోచో పొట్లం ఆయన చేతిలోంచి నెమ్మదిగా తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. వంటింటికి తలుపు లేదు. అక్కణ్ణించి అన్నీ వినపడతాయి. కాబట్టే వెళ్ళింది.

"పెళ్ళయి ముప్పై ఏళ్ళు," అంది కమలాదేవి. "ఎక్కడికైనా మనిద్దరమే వెళ్ళామా?"

"అన్నవరం వెళ్ళాం."

"మీ బాబాయిగారి కుటుంబంతో."

"ఊటీ?"

"మీ ఫ్యాక్టరీ బస్సులో. మీరు డ్రైవరు పక్కన కూర్చుని దారి చెప్పారు. నేను పర్చేజు మేనేజరు పెళ్ళాం పక్కన కూర్చుని ఆవిడ మోకాళ్ళ నొప్పి విన్నాను."

దక్షిణామూర్తి ఇంకా ఏదైనా ఊరు గుర్తొస్తుందేమోనని పైకి చూశాడు. ఫ్యాను తప్ప ఏం కనపడలేదు.

ప్రతి పెళ్ళిరోజుకీ ఆయన "నీకేం కావాలి కమలా?" అని అడుగుతాడు. ఆవిడ "నాకేం వద్దండీ" అంటుంది. ఆ మాట నమ్మి ఆయన ఒక కుక్కరో, ఒక మిక్సీనో తెస్తాడు. ఈ పద్ధతి మీద వాళ్ళ వంటిల్లు నిండిపోయింది. ఈ ఏడు మాత్రం ఆవిడ "కావాలి" అంది. ఫోన్లో ఒక ఫోటో చూపించింది.

దక్షిణాఫ్రికా అడవిలో ఒక టెంటు. టెంటంటే గుడ్డ గోడల రాజమహలు. మంచం మీంచి చూస్తే నది. పక్కనే తెల్లటి స్నానాల తొట్టి. అడవి అయ్యాక కేప్‌టౌన్ దగ్గర, కొండల కింద, వైన్ తోటల మధ్య ఒక చిన్న బంగళా. వరండాలో రెండు కుర్చీలు. మూడో కుర్చీ ఫోటోలో ఎక్కడా లేదు. కమలాదేవి పెద్దది చేసి మరీ చూసింది.

ఇప్పుడు ఆ టెంటులో ముగ్గురు ఆడవాళ్ళు. ఆ తొట్టిలో వంటవాడు శనగలు నానబెడతాడు.

"నాకు సింహం కనపడకపోయినా ఫరవాలేదు," అంది. "పొద్దున్నే లేచి కూర్చుంటే పక్క కుర్చీలో మీరుండాలి. మీ చేతిలో ఫోను ఉండకూడదు. నన్నెవరూ టీ అడక్కూడదు. అంతే."

"అంతేనా? దానికి ఆఫ్రికా దాకా ఎందుకు కమలా?"

"ఇక్కడ ముప్పై ఏళ్ళు చూశాను కాబట్టి."

ఆయన మంచం చివర కూర్చున్నాడు. "నేనేమన్నా పిలిచానా వాళ్ళని?"

"పిలిచారు."

"మర్యాదకన్నాను."

ఇదీ అసలు తప్పు. రెండు నెలల కిందట లిఫ్టులో ధన్‌సుఖ్‌భాయ్, "ఎక్కడికో వెళ్తున్నారట కదా మూర్తిభాయ్," అని అడిగాడు. ఈయన ఆఫ్రికా అని చెప్పి, గోదావరి జిల్లాల్లో పుట్టిన ఏ మనిషైనా చివర్లో అనే మాట అన్నాడు. "మీరూ రండి."

మన వైపు ఆ మాటకి జవాబు ముందే తయారుగా ఉంటుంది. భోజనం చేస్తూ "రండి" అంటే "ఇప్పుడే తిని వచ్చానండీ" అంటారు, కడుపు మాడిపోతున్నా సరే. ప్రయాణమవుతూ "రండి" అంటే "పర్లేదు, మీరు కానివ్వండి" అంటారు. పిలిచినవాడి పరువూ, పిలిపించుకున్నవాడి పరువూ నిలబడతాయి. ఎవరూ ఎక్కడికీ రారు.

దక్షిణామూర్తికి ఈ జవాబు ఎంత అలవాటంటే, మొన్న పంటి డాక్టరు దగ్గర నర్సు పేరు పిలిస్తే కూడా, "పర్లేదు, మీరు కానివ్వండి," అన్నాడు. ఆ తర్వాత ఇంకో గంట కూర్చున్నాడు.

సూరత్ మనుషులకి ఈ సంగతి తెలియదు. వాళ్ళకి "రండి" అంటే రమ్మనే. ధన్‌సుఖ్‌భాయ్ "చాలో" అన్నాడు. లిఫ్టు నాలుగో అంతస్తు చేరేలోగా బావమరిదికి ఫోను చేశాడు. వారం తిరిగేసరికి తోడల్లుడు కలిశాడు. వాళ్ళ అత్తగారు కలిసింది. ఎవరూ లేకుండా ఆవిణ్ణి వదిలి వెళ్తే ఏం బాగుంటుందని రెండో బావమరిదీ కలిశాడు. ఉల్లిపాయ లేని భోజనం అడవిలో ఎవరు పెడతారని కిందటి వారం వంటవాణ్ణి కూడా ఖాయం చేశారు.

"మర్యాదకన్న మాటని వాళ్ళు అలా తీసుకుంటే నేనేం చెయ్యను?" అన్నాడు దక్షిణామూర్తి.

"వాళ్ళని అనకండి. పిలిస్తే వచ్చారు. మీరే పిలిచి, రాకూడదనుకున్నారు."

ఆయన స్వెట్టరు తీసుకుని మడతపెట్టాడు. తప్పుగా మడతపెట్టాడు. కమలాదేవి దాన్ని విప్పి పక్కన పెట్టింది.

అప్పుడే ఫోను మోగింది. ట్రావెల్స్ ఆఫీసులో పనిచేసే కరుణ. పర్వత్ పాటియాలో పుట్టి పెరిగిన పిల్ల. వాళ్ళ నాన్న సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇక్కడ మగ్గాల మీద పనిచేశాడు. తెలుగులో మాట్లాడే గిరాకీ దొరికితే ఆ పిల్ల గొంతు ఒక మెట్టు పెరుగుతుంది.

"ఆంటీ, టెంట్ల లిస్టు సూసిన. గదేంది, మిమ్మల్ని ముసలమ్మ కాడ ఏసిండ్రు?"

"నన్నడక్కమ్మా."

"ఒక ముచ్చట జెప్పాలె. అంకుల్‌కు చెప్పకుండ్రి, కోపం జేస్తడు. మీరు ముందుగాల్ల పెట్టుకున్న ఇద్దరి బుకింగ్ లేదా, గది గట్లనే ఉన్నది. గ్రూపుది అలగ్, మీది అలగ్. అంకుల్ క్యాన్సల్ జెయ్యమన్నడు. నేను జెయ్యలే."

కమలాదేవి మంచం మీద కూర్చుంది. "ఎందుకు చెయ్యలేదమ్మా?"

"గా ఫోటో సూసి మీరు నవ్విండ్రు గదా ఆఫీసుల. నాకు మనసొప్పలే." కరుణ ఆగి, వెంటనే ఆఫీసు గొంతులోకి మారింది. "మీది పన్నెండో తారీకు. గ్రూపోళ్ళు ఇరవై రెండుకు. వీసాలు ఎట్లయినా వచ్చినయ్. గని ఆ టెంటోళ్ళు ఇయ్యాలనే ఆఖరు అంటుండ్రు. సాయంత్రం మేం షట్టర్ దించేలోపట కన్ఫర్మ్ జెప్పుండ్రి ఆంటీ, లేకుంటే పోతది."

కమలాదేవి ఫోను పెట్టేసి భర్త వైపు చూసింది. ఆయన అంతా విన్నాడు. కరుణ గొంతు ఫోను బయటికి కూడా బాగానే వినపడుతుంది.

"చెయ్యలేదా ఆ పిల్ల?" అన్నాడు.

"చెయ్యలేదు. ఇద్దరమే వెళ్ళొచ్చు. సాయంత్రం టెంట్ల మీటింగుకి ధన్‌సుఖ్‌భాయ్ ఇక్కడికే వస్తాడుగా. ఒక్క మాట చెప్పండి. 'మేమిద్దరం విడిగా వెళ్తాం' అని. అంతకంటే ఒక్క మాట ఎక్కువ వద్దు."

"బాధపడతాడేమో."

"నేను పడితే ఫరవాలేదా?"

వంటింట్లో కోమలి గిన్నె కడుగుతున్న చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

"చెప్తాను," అన్నాడు దక్షిణామూర్తి. "తప్పకుండా చెప్తాను."

*

హజీరాలో దక్షిణామూర్తి పెద్ద కర్మాగారానికి జనరల్ మేనేజరు. ఆయన చెయ్యి ఎత్తితే క్రేన్లు ఆగుతాయి. ఒకసారి ఓడ నిండా వచ్చిన సరుకు బాగాలేదని, ఆ ఓడ కెప్టెను మొహం మీదే చెప్పి వెనక్కి పంపించాడు. అలాంటి మనిషి ఎదురు ఫ్లాటువాడికి ఒక వాక్యం చెప్పటం కోసం మధ్యాహ్నం భోజనం అయ్యాక సాధన మొదలుపెట్టాడు.

సాధన చేయించింది కోమలి. ఆ అమ్మాయికి ఇందులో స్వార్థం ఉంది. పన్నెండో తారీకైతే ఇల్లు ఇంకా ముందే ఖాళీ అవుతుంది.

"నేనే ధన్‌సుఖ్‌భాయ్‌ననుకోండి మావయ్యగారూ. లోపలికి వచ్చాను. ఇప్పుడేమంటారు?"

"రండి రండి, కూర్చోండి."

"అది వద్దు."

"ఇంటికొచ్చిన మనిషిని కూర్చోమనకపోతే ఎలాగమ్మా?"

"సరే, కూర్చున్నాను. తర్వాత?"

"టీ తాగుతారా?"

కోమలి కళ్ళు మూసుకుంది. "తాగేశాను. కప్పు కూడా కింద పెట్టేశాను. ఇప్పుడు చెప్పండి."

దక్షిణామూర్తి గొంతు సవరించుకున్నాడు. "ధన్‌సుఖ్‌భాయ్, మేమిద్దరం..." ఆగి కోడలి మొహంలోకి చూశాడు. "ఇంకొంచెం టీ?"

"మావయ్యగారూ, ఓడని వెనక్కి పంపించారు మీరు."

"ఓడ మన ఎదురు ఫ్లాటులో ఉండదమ్మా. రోజూ లిఫ్టులో ఎదురుపడదు."

గదిలో పడుకున్న కమలాదేవికి ఇదంతా వినపడుతోంది. గోడ వైపు తిరిగింది.

*

సాయంత్రం అయిదింటికి ధన్‌సుఖ్‌భాయ్ వచ్చాడు. వెనక రంజన్‌బెన్ వచ్చింది. ఆవిడ వెనక పెద్ద చీరల మూటతో వంటవాడు వచ్చాడు. అతన్ని అందరూ మహారాజ్ అంటారు. మూట దించి, ఎవరూ చెప్పకుండానే వంటింట్లోకి వెళ్ళి పోపుల డబ్బా మూత తీసి చూసి, పెదవి విరిచి బయటికి వచ్చాడు.

"రండి రండి, కూర్చోండి," అన్నాడు దక్షిణామూర్తి.

కోమలి ఆయన వైపు చూసింది.

"టీ తాగుతారా?"

కోమలి వంటింట్లోకి వెళ్ళింది.

ధన్‌సుఖ్‌భాయ్‌ది చీరల హోల్‌సేలు. పాతికేళ్ళుగా రాజమండ్రి, విజయవాడ షాపులకి సరుకు పంపుతున్నాడు. ఆ షాపులవాళ్ళతో ఫోన్లో మాట్లాడీ మాట్లాడీ అతనికి తెలుగొచ్చింది. కానీ ఆ తెలుగులో రంగులు, రేట్లు, సరుకు చేరాల్సిన తారీకులు తప్ప మిగతావి లేవు. వాటితోనే అన్ని విషయాలూ లాక్కొస్తాడు.

"కమలాబెన్, చూడండి చూడండి. కొత్త డిజైన్." మూట విప్పాడు. "అడవిలో డార్క్ కలర్ వద్దు అన్నారు కదా. జంతువుకి భయం. అందుకని ఖాకీ."

మూటలో అన్నీ ఖాకీ చీరలు. అంచున జిరాఫీలు వరసగా నడుస్తున్నాయి. కొంగు మీద సింహం. ఆడవాళ్ళంతా అడవిలో ఒకే రకం చీర కట్టుకుంటారు. తప్పిపోతే గుర్తుపట్టటం సులువు.

"సింహం ఉతికితే పోదు. గ్యారంటీ," అన్నాడు ధన్‌సుఖ్‌భాయ్.

కమలాదేవి కొంగు మీది సింహాన్ని చూసింది. ఎవరో నిద్ర లేపినట్టుంది దాని మొహం. తన మొహం కూడా అలాగే ఉందేమోనని అనుమానం వచ్చింది.

"ఇది మా చెల్లెలు మొన్న రాజమండ్రిలో కొనుక్కుందండీ," అంది.

"అవును, ఆఫ్రికా సిల్కు. అక్కడ స్టాక్ అయిపోయింది. మళ్ళీ పంపాలి." అతని మొహం వెలిగిపోయింది. "అంతా మూర్తిభాయ్ వల్ల. 'మీరూ రండి' అన్నారు. ఎవరంటారు ఈ రోజుల్లో? నా సొంత అన్న కాశ్మీర్ వెళ్ళాడు, ఒక్క మాట చెప్పలేదు. తెలుగువాళ్ళ మనసు పెద్దది."

దక్షిణామూర్తి నేల వైపు చూశాడు. కమలాదేవి గడియారం వైపు చూసింది.

రంజన్‌బెన్‌కి ఉన్న ఒకే ఒక సందేహం ద్రాక్షతోటల గురించి. అక్కణ్ణించి ఎండుద్రాక్ష తెచ్చుకోవచ్చా అని అడిగింది. మగవాళ్ళు ఆవిడకి చెప్పింది ద్రాక్షతోట అనే. ఆ ద్రాక్షతో అక్కడివాళ్ళు ఏం చేస్తారో చెప్పలేదు. జూన్‌లో అక్కడ చలికాలమనీ, తీగలకి ఆకు కూడా ఉండదనీ అసలే చెప్పలేదు.

"ఎంత కావాలంటే అంత తెచ్చుకో," అని భార్యకి హామీ ఇచ్చి, ధన్‌సుఖ్‌భాయ్ దక్షిణామూర్తి చెవి దగ్గరికి వంగాడు. "దమణ్ లాగే మూర్తిభాయ్. కొంచెం దూరం, అంతే."

సూరత్‌లో మందు దొరకదు. కావాలన్నవాళ్ళు దమణ్ దాకా కారులో వెళ్ళి సముద్రం చూసి వచ్చామంటారు. ఆ లెక్కన వీళ్ళు ఈసారి సింహాలు చూసి రాబోతున్నారు.

కోమలి టీ తెచ్చింది. అందరూ తాగారు. కప్పులు కింద పెట్టారు.

కమలాదేవి భర్త వైపు చూసింది. ఆయన కప్పు వైపు చూశాడు. అందులో ఏమీ లేదు. అయినా ఎత్తి ఇంకోసారి తాగాడు.

"ధన్‌సుఖ్‌భాయ్, ఒక మాట," అన్నాడు.

"చెప్పండి చెప్పండి."

"అంటే, టెంట్ల విషయం."

"ప్రాబ్లెమా? కలర్ మారుద్దామా?"

"కలర్ కాదు." దక్షిణామూర్తి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. "మేమిద్దరం..."

అందరూ ఆయన వైపు తిరిగారు. మహారాజ్ కూడా తిరిగాడు. ఖాళీ కప్పుల ట్రే పట్టుకుని నిలబడ్డ కోమలి పెదవులు, ఆ తర్వాతి మాటలు తనే పలుకుతున్నట్టు, చప్పుడు లేకుండా కదిలాయి.

సరిగ్గా అప్పుడే కోమలి మొగుడు వంశీధర్ తుండుతో తల తుడుచుకుంటూ హాల్లోకి వచ్చాడు. వరాఛాలో వజ్రాల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తాడు. ఆదివారాలు సాయంత్రం స్నానం చేస్తాడు.

దక్షిణామూర్తి మొహంలోకి ఒడ్డు కనపడ్డ మనిషి వెలుగు వచ్చింది.

"మేమిద్దరమే వస్తున్నామని మా వంశీ అనుకుంటున్నాడు," అన్నాడు. "ఏరా, నువ్వూ రా."

ఏ తెలుగు ఊళ్ళో పెరిగిన కొడుకైనా "పర్లేదు నాన్నా, మీరు వెళ్ళిరండి" అనేవాడు. వంశీధర్ అడాజణ్‌లో పెరిగాడు.

"చాలో," అన్నాడు. "మజా ఆవ్‌సే, సరదాగా ఉంటుంది. సెలవులు కూడా మిగిలిపోయాయి నాకు."

కోమలి చేతిలో ట్రే ఒక పక్కకి ఒరిగింది. కప్పులు జారి ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి.

"మరి నేను?" అంది.

"అరే, బేటీ కూడా," అన్నాడు ధన్‌సుఖ్‌భాయ్. "మూడో టెంట్. నలుగురు హాయిగా పడతారు. వీసా నేను చూసుకుంటాను."

కోమలి మొగుడి వైపు చూసింది. వంశీధర్ అప్పటికే సోఫాలో కూర్చుని చీర మీది జిరాఫీలని లెక్కపెడుతున్నాడు. పెళ్ళాం చూపులు వాడి దాకా రావటానికి ఎప్పుడూ కొంత టైం పడుతుంది.

కమలాదేవి లేచి గదిలోకి వెళ్ళిపోయింది. కోపంగా వెళ్ళలేదు. కూర్చుని కూర్చుని కాళ్ళు పట్టేసిన మనిషిలా వెళ్ళింది. ఎవరూ పట్టించుకోలేదు.

*

కోమలి వెనకే వచ్చింది.

"అత్తయ్యా, ఇంకోసారి చెప్పిద్దాం. నేను మావయ్యగారిని పక్కకి పిలుస్తాను."

"పిలిస్తే ఏమంటారో తెలుసా? కూర్చోమంటారు. టీ తాగుతావా అంటారు."

ఫోను మోగింది.

"ఆంటీ," అంది కరుణ. వెనక ఎవరో కుర్చీలు జరుపుతున్నారు. "షట్టర్ దించుతుండ్రు. ఏమన్నడు అంకుల్? రెండు కన్ఫర్మ్ జెయ్యాల్నా?"

మంచం మీద స్వెట్టరు పొద్దున్న వదిలేసినచోటే ఉంది.

"ఒక్క నిమిషం లైన్లో ఉండమ్మా," అని ఫోను చేత్తో పట్టుకుని హాల్లోకి వచ్చింది. కోమలి గుమ్మం దగ్గర ఆగిపోయింది.

హాల్లో అందరూ ఒకే ఫోను మీదకి వంగి ఉన్నారు. మనిషికి రోజుకి ఎన్ని థేప్లాలు, అంటే మెంతికూర రొట్టెలు, పడతాయన్న చర్చ జరుగుతోంది. చిన్న విమానంలో బరువు తూస్తారు కాబట్టి పచ్చడి తగ్గించి థేప్లాలు పెంచాలని మహారాజ్ వాదన. ఆవకాయ మాత్రం తగ్గించటానికి వీల్లేదని దక్షిణామూర్తి అంటున్నాడు. ఆ మాట మాత్రం చాలా గట్టిగా, క్రేన్లు ఆగే గొంతుతో అంటున్నాడు.

"ఏవండీ," అంది కమలాదేవి.

"ఊఁ."

"నేను వెళ్తున్నాను. పన్నెండో తారీకు. అనుకున్న టెంటుకే." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. ఒక్కో మాటా విడివిడిగా, అన్నం వడ్డించినట్టు పెట్టింది. "మీరూ రండి."

ముప్పై ఏళ్ళలో ఆవిడ చాలామందిని చాలాచోట్లకి రమ్మంది. ఎవరూ రాకూడదనే అంది. ఒక మనిషి నిజంగా రావాలని ఆ మాట అనటం ఇదే మొదలు.

దక్షిణామూర్తి తల ఎత్తలేదు. ఒక చేత్తో థేప్లాల లెక్క సరిచేస్తూ, రెండో చెయ్యి గాల్లో ఊపాడు.

"పర్లేదులే. నువ్వు కానివ్వు."

కమలాదేవి కాసేపు నిలబడింది. ఆయన తల ఎత్తుతాడేమోనని చూసింది. ఎత్తలేదు. "కమలా, మహారాజ్‌కి ఇంకో టీ," అన్నాడు ఫోను చూస్తూనే.

ఆవిడ ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"ఒకటే అమ్మా," అంది. "ఒకటే కన్ఫర్మ్ చెయ్యి."

అవతల కుర్చీల చప్పుడు ఆగింది. "అంకుల్ రాడా?"

"అడిగాను. కానివ్వమన్నారు."

కరుణ గొంతు తగ్గించి, "ఒక్కరైనా టెంటు గదే ఆంటీ," అంది. "నది గదే. తొట్టి గూడ గదే. ఫికర్ జెయ్యకుండ్రి."

కమలాదేవి గదిలోకి వెళ్ళింది. కోమలి పక్కకి జరిగి దారి ఇచ్చింది. ఆవిడ వెనక తలుపు మూసుకుంది.

హాల్లో ధన్‌సుఖ్‌భాయ్ తల ఎత్తాడు. "మూర్తిభాయ్, కమలాబెన్ ఎక్కడికి వెళ్తున్నారు?"

"కూరగాయలకనుకుంటా," అన్నాడు దక్షిణామూర్తి.

ధన్‌సుఖ్‌భాయ్ మూసిన తలుపు వైపు చూశాడు. ఫోను సోఫా మీద పెట్టేశాడు.

"పన్నెండో తారీకు కూరగాయలకా?" అన్నాడు. "నాకు తెలుగు కొంచెమే వచ్చు మూర్తిభాయ్. కానీ తారీకులు ఎప్పుడూ తప్పు వినలేదు."

దక్షిణామూర్తి అప్పుడు తల ఎత్తాడు.

గదిలోంచి సంచి జిప్పు చప్పుడు వినిపించింది. ఒక చివర్నుంచి మొదలై, మధ్యలో స్వెట్టరు అడ్డుపడి కొంచెం ఆగి, రెండో చివరిదాకా వెళ్ళిపోయింది.